కాంటాకు వేలాడిన ఆట

తల డబ్బాలో ఉండగానే సేటు, "సరే, ఖాయం, పో" అన్నాడు.

డబ్బా అంటే టీ పొడి వచ్చే చెక్కపెట్టె. అది పైనుంచి వేలాడుతూ సేటు భుజాల దాకా దిగి ఉంది. దాని చుట్టూ కుట్టిన కొత్తవాడ జంపఖానా ఆయన ఒళ్ళో పడి, అక్కడినుంచి మోకాళ్ళ మీదికి జారింది. ఆ జంపఖానా కింద సేటు చేతులు రెండూ, వాటితోపాటు మెకానిక్ కుడిచెయ్యీ ఉన్నాయి. ఇద్దరిలో మాకు కనిపిస్తున్నది మెకానిక్ మొహం ఒక్కటే. ఆ మొహం ఖాయం అన్న మాట వినగానే కదలడం మానేసింది.

సేటు కూర్చున్న స్టూలు కాళ్ళు పట్టుకుని ఊపుతున్న మెకానిక్ భార్య కూడా ఆగింది. టేబుల్ ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఏంది సేటూ, ఖాయం?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

లోపలినుంచి ఆటలో కారు గుద్దుకున్నప్పుడు వచ్చే కూత ఒకటి వచ్చింది, ఆ వెంటనే ఒక తుమ్ము.

ఇది ఎనభైలలో వరంగల్‌లో, స్టేషన్ రోడ్డుకు ఆనుకున్న ఒక సందులో జరిగింది. ఈమధ్య హనుమకొండలో ఒక దుకాణం ముందు ఓ కుర్రాడు కళ్ళకు నల్లటి పెట్టె కట్టుకుని గాలిలో చేతులు ఝాడిస్తూ కనిపించాడు. వర్చువల్ రియాలిటీ అని బోర్డు పెట్టారు. పక్కనున్న స్నేహితుడు "అరే, గోడ, గోడ" అని హెచ్చరిస్తున్నాడు. నేను కాసేపు నిలబడి చూశాను. ఆ హెచ్చరిక నేను చాలా ఏళ్ళ కిందటే విన్నాను. అప్పుడు ఆ పెట్టె పేరు తలకాయ టీవీ.

దాన్ని తయారుచేసిన మెకానిక్ రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. నేను అప్పుడు ఒక దినపత్రికకు జిల్లా వార్తలు రాసేవాణ్ణి. సాయంత్రం వార్తల కవరు రైలుకు అందించేదాకా నాకు కూర్చోవడానికి నీడ కావాలి, అతనికి వినేవాడు కావాలి. అట్లా అతని బల్ల పక్కన నాకో స్టూలు ఏర్పడింది. తర్వాత ఆ స్టూలు కూడా ఆటలో భాగమైపోయి నేను గుమ్మం మీద కూర్చోవలసి వచ్చింది.

దుబాయిలో పనిచేసే ఒకాయన టీవీకి తగిలించి ఆడుకునే ఆట యంత్రం ఒకటి రిపేరుకు ఇచ్చి, మళ్ళీ ప్రయాణమవుతూ "నువ్వే ఉంచుకో తమ్మీ" అని వదిలేసి పోయాడు. దానిలో రెండు ఆటలు ఉండేవి. ఒకదానిలో రోడ్డు మీద కారు, ఇంకోదానిలో ఆకాశం నుంచి దిగే తట్టల్లాంటివాటిని కాల్చడం. మెకానిక్ దాన్ని ఒక బుల్లి బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. వారం రోజులు మేమంతా మురిసిపోయాం. మెకానిక్‌కు మాత్రం అది చాల్లేదు.

"కారు ఆడున్నది, నేను ఈడున్న. మధ్యల ఈగలు, సైకిళ్ళు, నువ్వు. ఇది ఆడినట్టా అన్నా?" అన్నాడు నాతో. "కారు లోపల కూసోవాలె. ఇంకేం కనబడొద్దు."

అందుకని టీవీని టీ పెట్టెలో బిగించాడు. పెట్టె కింది భాగం కోసి తల పట్టేంత సందు చేశాడు. కళ్ళద్దాల దుకాణం నుంచి రెండు భూతద్దాలు తెచ్చి టీవీకీ కళ్ళకూ మధ్య నిలబెట్టాడు. వేడి పోవడానికి పైన కన్నాలు పెట్టాడు. అన్నీ బాగానే కుదిరాయి కానీ, అంత బరువు నెత్తిన మోసే మెడ మా బజారులో ఎవరికీ లేదు. మొదట పెట్టుకున్న కాలేజీ కుర్రాడు రెండు రోజులు పక్కకు చూడాలంటే మనిషంతా తిరిగేవాడు.

ఉపాయం ఆ గదిలోనే వేలాడుతూ కనిపించింది. ఆ గది ఒకప్పుడు సేటు తండ్రి పత్తి తూచిన గది. పైన టేకు దూలం, దూలానికి ఇనుప కొక్కెం, కొక్కేనికి పెద్ద కాంటా. తట్టలు ఎప్పుడో పోయాయి, అడ్డకడ్డీ, గొలుసులు మిగిలాయి. తూకం రాళ్ళు మూలన దుమ్ము పట్టి ఉన్నాయి. మెకానిక్ ఒక వైపు గొలుసుకు పెట్టె కట్టాడు, ఇంకో వైపు రాళ్ళు వేశాడు. ముల్లు మధ్యకు వచ్చింది. ఇక ఆ పెట్టె ఒక వేలితో తోస్తే లేచేది, ఒక వేలితో లాగితే దిగేది. తల ఎటు తిప్పితే అటు తిరిగేది. బొమ్మ కూడా తలతోపాటే తిరిగేది కాబట్టి ఎటు చూసినా అదే రోడ్డు. దాన్ని మేము లోపంగా ఎన్నడూ ఎంచలేదు.

వెలుతురు రాకుండా చుట్టూ తెర కుట్టింది మెకానిక్ భార్య. ఆమె కొత్తవాడ ఆడపడుచు. పుట్టింటి మగ్గం మీద మిగిలిన జంపఖానా ముక్క తెచ్చింది. "కుదురుగ కుడ్త గని, మీ ఆటల పెట్రోలు వాసన లేదు, దుమ్ము లేదు, గుంతలు లేవు. ఇదేం రోడ్డు?" అని ఆమే అడిగింది. మరుసటి రోజు నుంచి పెట్టెకు ఎదురుగా టేబుల్ ఫ్యాను, దాని ముందు పెట్రోలు చుక్క వేసిన గుడ్డ పేలిక, కూర్చున్న స్టూలును వెనకనుంచి ఊపడానికి ఆమె. ఎవరిని ఏ గుంతలో వేయాలో ఆమె ఇష్టం. తనతో మర్యాదగా మాట్లాడనివాళ్ళకు రోడ్డు మరీ ఘోరంగా ఉండేది.

బజారులో దాన్ని చూడనివాడు లేడు. ఒక బస్సు డ్రైవరు తల పెట్టి, బ్రేకు ఏదని నేలను తొక్కి తొక్కి చెప్పు తెంపుకున్నాడు. మరిపెడ నుంచి దవాఖానకు వచ్చిన ఒక రైతు తట్టలను కాల్చే ఆటలో, చేలో పిట్టలను తోలే కేక ఒకటి పెట్టాడు. సందు చివర మిర్చి బజ్జీల బండి దగ్గర పిచ్చుకలు లేచాయి. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఆడుతుండగా కరెంటు పోయింది. చీకట్లో తల అట్లాగే పెట్టుకుని, "టన్నెల్ వచ్చింది" అని చాలాసేపు ఓపిగ్గా కూర్చున్నాడు. మెకానిక్ భార్య స్టూలు ఊపుతూనే ఉంది. కరెంటు పోయిందని అతనికి చెప్పవద్దని నాకు సైగ చేసింది.

నేను దీని మీద ఒక వార్త రాసి పంపాను. డబ్బాలో తల పెడితే లోకం కనిపించడమేమిటి, పంపేటప్పుడు ఒంట్లో బాగానే ఉందా అని డెస్కు నుంచి ఫోను వచ్చింది. వార్త రాలేదు.

చాటుగా వచ్చేవాళ్ళలో ఒక పెద్దమనిషి ముఖ్యుడు. మార్కెట్‌లో అందరూ ఆయన్ను పెద్ద దలాలీ అనేవారు. బేరంలో ఇద్దరికి తేడా వస్తే తీర్పు ఆయనది. తెల్లటి ధోవతి, భుజాన తువ్వాలు, ఎవరితోనూ నవ్వని మొహం. ఆయన ట్రాన్సిస్టర్ రోజూ మధ్యాహ్నం పాడయ్యేది. దాన్ని బాగుచేయమని బల్ల మీద పెట్టి, సందులో ఇటూ అటూ చూసి, పెట్టె లాక్కుని తల పెట్టేవాడు. ఆడుతున్నంతసేపూ లోపలినుంచి "వాని... వాని..." అని ఎవరినో అసంపూర్తిగా తిట్టేవాడు. లేచాక ట్రాన్సిస్టర్ తీసుకుని, "మంచిగ చేసినవ్" అని పోయేవాడు. దాన్ని ఎవరూ విప్పి చూసింది లేదు.

ఇంత జరుగుతున్నా సేటుకు ఈ సంగతి పట్టలేదు. గది ఆయనది, మెకానిక్ అద్దెకున్నాడు. ఆయన పత్తి, మిర్చి వ్యాపారి. సీజన్‌లో సగం రోజులు కేసముద్రం మార్కెట్ యార్డులో ఉండేవాడు. ఆ ఏడు దసరాకు ముందు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పండుగ దాటితే పత్తి వస్తది. నా రూము నాకు గావాలె. నీ డబ్బాలన్ని సదురుకో."

"జర ఆగుండ్రి సేటూ. ఇంకో రూము చూస్తాన."

"మూడు దసరాలసంది చూస్తున్నవ్. నీ కండ్లకు రూములు కనబడయా?" అని పైకి చూశాడు. కాంటా కనిపించింది. "ఓర్నీ. మా నాయిన పత్తి తూసిన కాంటాకు తలకాయలు తూస్తున్నవా?"

"తూకం కరెక్టుగ ఉంది సేటూ" అన్నాడు మెకానిక్. ఆ సమయంలో అనవలసిన మాట కాదది.

మెకానిక్ నిజంగానే గదులు చూశాడు. నేనూ వెంట తిరిగాను. కొత్త గదులన్నిటికీ స్లాబులు. కొక్కెం కొడతానంటే ఏ యజమానీ ఒప్పుకోలేదు. రేడియోలు ఏ మూల కూర్చున్నా బాగుచేయొచ్చు. ఆ పెట్టె మాత్రం ఆ దూలానికి, ఆ కాంటాకు తప్ప ఇంకెక్కడా నిలవదు. అతను జీవితంలో సొంతంగా చేసిన వస్తువు అదొక్కటే. తక్కినవన్నీ ఎవరో చేస్తే చెడిపోయి వచ్చినవి. గది పోతే అది మళ్ళీ టీ పెట్టె అయిపోతుంది. ఆ మాట అతను నాతో అనలేదు. కొన్నాళ్ళు అతను సోల్డరింగ్ చేస్తూ చేస్తూ పైకి, కాంటా వైపు చూసేవాడు.

ఉపాయం మళ్ళీ అతని భార్యకే వచ్చింది.

"సేటు తలకాయ ఒక్కసారి అండ్ల పెట్టిపియ్యి. పెట్టినోడు ఎవడన్న మళ్ళ రాకుండ ఉన్నడా?"

"ఆయన పెడతడా?"

"మీ నాయిన కాంటా ఎట్ల పనిచేస్తాందో చూడుండ్రని పిలువు. పేపరన్నను గూడ ఉండమను. పేపరాయన ముంగట మెత్తగ మాట్లాడ్తడు."

ఆదివారం మార్కెట్ బంద్. మధ్యాహ్నం భోజనం చేసి సేటు తీరిగ్గా వచ్చాడు. నశ్యం పీల్చి, ముక్కు తుడుచుకుని, నన్ను చూసి కొంచెం నవ్వాడు. కాంటా గొలుసులు పట్టి చూశాడు. ముల్లు చూశాడు. తండ్రి రాళ్ళను ఒక్కొక్కటీ నిమిరి, ఒకటి లేదని గుర్తుపట్టాడు. అది తలుపుకు అడ్డం పెట్టాం. ఇవన్నీ అయ్యాక స్టూలు మీద కూర్చుని, "కానీ. దించు" అన్నాడు.

పెట్టె దిగింది. జంపఖానా పరుచుకుంది. మెకానిక్ భార్య పెట్రోలు పేలిక ఫ్యాను ముందు వేలాడదీసి, స్టూలు వెనక్కి చేరింది.

"అబ్బో" అన్నాడు సేటు లోపలినుంచి. కాసేపటికి, "ఎవడాడు అడ్డమొస్తాండు? జరుగు, జరుగు. ఓ బండీ..."

ఆయన ఒళ్ళంతా కుడికీ ఎడమకూ వాలుతోంది కానీ చేతిలోని, కారును తిప్పే పుల్ల కదపడం లేదు. కారు రోడ్డు పక్కన రాసుకుంటూ కూతలు పెడుతోంది. "పుల్ల తిప్పుండ్రి సేటూ" అని మెకానిక్ చెప్పాడు. ఫ్యాను హోరులో వినపడలేదు. వేళ్ళు సరిగ్గా పెట్టించడానికి మెకానిక్ జంపఖానా కిందికి చెయ్యి పోనిచ్చాడు.

ఇక్కడ మార్కెట్ సంగతి ఒకటి చెప్పాలి. పాత దలాలీలు ధర నోటితో చెప్పేవారు కాదు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకునేవారు. పట్టుకున్న ఒక వేలు ఒకటి కావచ్చు, పది కావచ్చు. ఏ సరుకుకు ఏ లెక్కో ఆ ఇద్దరికీ తెలుసు. చుట్టూ ఎందరున్నా తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనపడదు. ఊహూఁ అంటే కుదరలేదు. ఖాయం అంటే ముగిసింది. అంకె ఎంతో మూడో మనిషి దగ్గర పలకకూడదు, ఖాయం అన్నాక వెనక్కి పోకూడదు. సేటు వయసులో సగానికి పైగా తువ్వాలు కిందే గడిచింది. ఇక మెకానిక్ తండ్రి మార్కెట్ యార్డులోనే హమాలీ. మెకానిక్ చిన్నప్పుడు ఆడుకున్నది ఆ తువ్వాళ్ళ మధ్యనే.

జంపఖానా కదిలింది. "ఊహూఁ" అన్నాడు సేటు. మళ్ళీ కదిలింది. "ఊహూఁ." రోడ్డు మీద కూతలు పెరిగాయి. "ఆగు ఆగు, లారీ... ఊహూఁ, గట్లెట్ల?" ఇంకోసారి కదిలింది. అప్పుడు అన్నాడు, సరే, ఖాయం, పో అని.

పెట్టె పైకి లేపాక సేటు మొహం చెమటతో మెరిసింది. కళ్ళు చికిలించి ఫ్యానును, నన్ను, చివరికి తన చేతిని చూసుకున్నాడు.

"ఏమన్న నేను?"

"ఖాయం అన్నరు" అన్నాడు మెకానిక్.

"దేనికి?"

"దేనికేంది సేటూ" అంది అతని భార్య. "మీకు మాకు మధ్యల ఉన్న బేరం ఒక్కటే. రూముల ఇంకెన్నేండ్లు ఉంటమని."

"ఏయ్, నాకు సోయి ఏడుందమ్మా? బండి మీదికొస్తాంటే నేను యార్డుల ఉన్ననో రోడ్డు మీదున్ననో ఎరుకనా?"

"సోయి లేకుంట మూడుసార్లు ఊహూఁ అంటరా?"

సేటు నావైపు చూశాడు. నేను పైకి, కాంటా ముల్లు వైపు చూశాను.

"ఏం రా," అని మెకానిక్ మీద పడ్డాడు. "నువ్వు పుల్ల సరిచేస్తున్నవా, బేరం చేస్తున్నవా?"

మెకానిక్ తల వంచుకుని, "మీరు నా వేళ్ళు పట్టుకున్నరు సేటూ. పట్టుకున్నంక నేను చెయ్యి గుంజుకుంటే మర్యాద కాదు గదా" అన్నాడు.

సందులో మనుషులు చేరారు. అందరూ మార్కెట్ వాళ్ళే. గుడ్డ కింద మాట అయింది, సేటు ఖాయమన్నాడు అని మాట పాకిపోయింది. ఎవరో పోయి పెద్ద దలాలీని పిలుచుకొచ్చారు. ఆయన చేతిలో ట్రాన్సిస్టర్‌తోనే వచ్చాడు. ఆదివారం కూడా అది పాడైనట్టుంది.

ఆయన అంతా విన్నాడు. పెట్టెను ఎన్నడూ చూడనివాడిలా చుట్టూ తిరిగి, "ఇదేంది, పిట్టల పంజరమా?" అని అడిగాడు. మెకానిక్ భార్య దగ్గుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సూడు సేటూ. నువ్వు ఆడున్నవా, ఈడున్నవా, నాకు పనిలేదు. గుడ్డ ఉన్నది. గుడ్డ కింద చేతులున్నయి. ఖాయమన్నది నీ నోరు. ఔనా?"

"ఔను గని..."

"ఇగ అంకె. మీ ఇద్దరి అంకె ఒక్కటైతే బేరం అయినట్టు. వేరువేరైతే లేనట్టు. గంతే."

భుజం మీది తువ్వాలు తీశాడు. మొదట సేటు చేతి మీద కప్పి తన చెయ్యి లోపల పెట్టాడు. సేటు ఇష్టం లేకుండానే ఏదో పట్టుకున్నాడు. ఆ తర్వాత మెకానిక్ వంతు. సందంతా ఆ తువ్వాలు వైపే చూస్తోంది. మెకానిక్ చేతి మీద అది కొంచెం ఎక్కువసేపే ఉన్నట్టు నాకనిపించింది. పెద్ద దలాలీ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రెండూ ఒక్కటే. బేరం అయింది."

"ఎంత?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

ఆయన అటు తిరిగి చూసిన చూపుకు అడిగినవాడు సందు దాటి పోయాడు.

సేటు కోపం తెచ్చుకోవాలని చూశాడు కానీ సరిగా రాలేదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "తలుపుకు పెట్టిన రాయి కాంటా కాడ పెట్టు. మా నాయినది" అన్నాడు. ఆ సీజన్ పత్తి ఎక్కడో గొర్రెకుంట వైపు వేరే గోదాములో దిగింది.

ఆ తర్వాత సేటు ఆ పెట్టెలో తల పెట్టగా ఎవరూ చూడలేదు. అయితే ఆదివారాలు దుకాణం మూసి ఉండేది, ఇంటాయనగా ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉండేది. "సోమారం పొద్దుగాల వచ్చి చూస్తే జంపఖానా అంత నశ్యం వాసన. పెట్రోలు సీస ఓ ఏలెడు తక్కువ" అని మెకానిక్ భార్య నాకు చెప్పేది. "ఊపేటోళ్ళు లేక పాపం ఎట్ల ఆడ్తాండో."

బేరమైన రోజు సాయంత్రమే నేను మెకానిక్‌ను అడిగాను, అతని చెయ్యి లోపలికి పోయింది పుల్ల కోసమా, బేరం కోసమా అని. "మొదలు పుల్ల కోసమే అన్నా" అన్నాడు. తర్వాత దేనికోసమో చెప్పలేదు. పెద్ద దలాలీని అడిగే ధైర్యం నాకు లేదు. ఆయన తువ్వాలు కింద రెండు అంకెలు నిజంగా ఒక్కటే అయ్యాయా, మధ్యాహ్నం ఆట పోతుందని ఆయనే ఒక్కటి చేశాడా అన్నది ఆయనతోనే పోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు సేటూ పోయాడు. టీవీ కాలిపోయింది, దానికి సరిపోయే బుల్లి టీవీ మళ్ళీ దొరకలేదు. పెట్టె మాత్రం కాంటాకు అట్లాగే ఉంది, ఎదురుగా రాళ్ళతో. ముల్లు ఇప్పటికీ మధ్యలోనే ఉంటుంది.

సేటు కొడుకులు కూడా మార్కెట్‌లోనే ఉన్నారు. ఆ సందులో అందరూ పాత ఇళ్ళు పడగొట్టి అంతస్తులు లేపుతున్నారు కాబట్టి వాళ్ళకూ ఆ గది కావాలి. మొన్న నేను పోయినప్పుడు పెద్దవాడు అక్కడే ఉన్నాడు.

"కాకా, గడువు ఎన్నేండ్లు? జర చెప్పరాదు" అని మెకానిక్‌ను బతిమాలుతున్నాడు.

"గుడ్డ కింది మాట బిడ్డా. నోటితోని అనొద్దు."

"పోనీ, అయిపోయిందా, ఇంకా ఉన్నదా? అదన్న చెప్పు."

"అది మీ బాపును అడగాలె" అన్నాడు మెకానిక్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. లోపల అతని భార్య దగ్గింది.

గుడ్డ కింద ఖాయమైన మాట కాబట్టి వాళ్ళు ఖాళీ చేయమని అనలేరు. తాళం మెకానిక్ దగ్గరే ఉంది. గడువు ఎప్పటికి తీరుతుందో, అసలు ఎప్పుడో తీరిపోయిందో, సేటు కొడుకులకు ఇప్పటికీ తెలియదు.